పేద పిల్లల లెక్కల అమ్మ: డాక్టర్ మరియా మాంటిస్సోరి

ప్రతి ఏటా వార్షికోత్సవ సంచికలో ఒక మహనీయుల జీవితం వేయడం మన హాస్టల్ ఆనవాయితీ. బాబాసాహెబ్ అంబేద్కర్, జోతిరావు ఫూలే, సావిత్రీబాయి, మన హైదరాబాద్ భాగ్యరెడ్డి వర్మ గార్ల గురించి మన అన్నలు ఇంతకు ముందు రాశారు. ఈసారి మేము ఇటలీ దేశానికి చెందిన ఒక డాక్టరమ్మ గురించి రాస్తున్నాము. ఆమెకూ మనకూ ఏమి సంబంధం అని అడిగే తమ్ముళ్ళకు ముందే ఒక మాట. మేడ్చల్ నుంచి కొంపల్లి దాకా, శామీర్‌పేట నుంచి అల్వాల్ దాకా రోడ్డు పక్కన ప్రైవేటు బళ్ళ బోర్డులు చూసే ఉంటారు. వాటిలో కొన్నింటి మీద మాంటిస్సోరి అనే మాట ఉంటుంది. అది ఒక మనిషి ఇంటిపేరని చాలా మందికి తెలియదు. టై, బూట్లు, స్కూలు వ్యాను, పెద్ద ఫీజు ఉన్న పిల్లల చదువుకు అదొక పేరని అనుకుంటారు. నిజానికి ఆ చదువు మొదట పుట్టింది కూలి వాళ్ళ పిల్లల మధ్య. అంతకంటే ముందు, వీళ్ళు ఎందుకూ పనికిరారని లోకం వదిలేసిన పిల్లల మధ్య.

మేము ఆమె గురించి చదవడానికి ఇంకో కారణం కూడా ఉంది. ఆదివారం స్టడీ అవర్లో పెద్ద తరగతుల వాళ్ళం చిన్న తమ్ముళ్ళకు లెక్కలు చెబుతాము. మూడు, నాలుగు తరగతుల్లో కొత్తగా చేరిన వాళ్ళలో కొందరికి వంద దాకా అంకెలు గడగడా అప్పజెప్పడం వచ్చు, కూడిక రాదు. 27కు 15 కలపమంటే పలక మీద 312 అని వేస్తారు. ఏడూ ఐదూ పన్నెండు, రెండూ ఒకటీ మూడు. చిన్న కూడికలు రెండూ సరైనవే, జవాబు మాత్రం తప్పు. అదే తమ్ముడు దుకాణంలో 27 రూపాయల సబ్బు, 15 రూపాయల బిస్కెట్ పుడ కొంటే 42 అని నోటితో చెప్పేస్తాడు. దుకాణంలో వచ్చిన లెక్క పలక మీదికి వచ్చేసరికి ఎక్కడ పోతోంది? లెక్కలు రావు అనే ముద్ర పడిన పిల్లవాడు ఐదులో, ఆరులో వెనుక బెంచీకి పోతాడు, ఎనిమిదో తొమ్మిదో తరగతిలో ఇటుక బట్టీకో కోళ్ళ ఫారానికో పోతాడు. ఇది మేము కళ్ళారా చూస్తున్నదే. ఈ ప్రశ్నకు వంద ఏళ్ళ కిందటే చేతులతో జవాబు వెతికిన మనిషి మరియా మాంటిస్సోరి.

ఆమె 1870 ఆగస్టు 31న ఇటలీలో అంకోనా పట్టణం దగ్గర కియారావల్లే అనే ఊళ్ళో పుట్టారు. తండ్రి అలెస్సాండ్రో ప్రభుత్వ ఉద్యోగి, పాత కాలపు పట్టింపులు ఉన్న మనిషి. తల్లి రెనిల్డే బాగా చదువుకున్న ఇల్లాలు. కుటుంబం రోము నగరానికి మారింది. ఆడపిల్ల చదివితే టీచరు కావాలి, లేదా ఇంట్లో ఉండాలి అన్నది అప్పటి మాట. మరియా మాత్రం 13వ ఏట మగపిల్లలు చదివే సాంకేతిక పాఠశాలలో చేరారు. ఆమెకు లెక్కలంటే ఇష్టం, ఇంజనీరు కావాలని ఆశ. తరువాత మనసు వైద్యం వైపు తిరిగింది. మెడికల్ కాలేజీలో అంతా మగవాళ్ళే. శవాలను కోసి నేర్చుకునే తరగతిలో మగ విద్యార్థులతో కలిసి ఉండడం మర్యాద కాదని, ఆమె అందరూ వెళ్ళిపోయాక ఒంటరిగా ఆ పని చేయవలసి వచ్చింది. అన్నీ తట్టుకుని 1896లో రోము విశ్వవిద్యాలయం నుంచి డాక్టరు పట్టా తీసుకున్నారు. ఇటలీలో వైద్య పట్టా పొందిన తొలి మహిళల్లో ఆమె ఒకరు. అదే ఏడాది బెర్లిన్‌లో జరిగిన మహిళా మహాసభకు వెళ్ళి, కూలి పని చేసే ఆడవాళ్ళకు మగవాళ్ళతో సమానంగా కూలి ఇవ్వాలని మాట్లాడారు. మన అమ్మలకు కూడా ఆ సమానం ఇంకా పూర్తిగా అందలేదు.

డాక్టరుగా ఆమెకు విశ్వవిద్యాలయపు మానసిక వైద్య విభాగంలో పని దొరికింది. ఆ పని మీద పిచ్చాసుపత్రులకు వెళ్ళేవారు. బుద్ధి ఎదగని పిల్లలను అప్పట్లో పెద్దవాళ్ళతో కలిపి అక్కడే పెట్టేవారు. ఖాళీ గది, ఖాళీ గోడలు, చేతికి తగిలే వస్తువు ఒక్కటీ లేదు. తిండి అయ్యాక ఆ పిల్లలు నేల మీద రొట్టె ముక్కలు ఏరుకుంటుంటే, ఇది ఆకలి కాదు, చేతులకు పని లేక పడే ఆరాటం అని ఆమె గ్రహించారని జీవిత చరిత్రలు రాసిన వాళ్ళు చెబుతారు. అప్పటి నుంచి ఆమె ఇటార్, సెగెన్ అనే ఇద్దరు ఫ్రెంచి వైద్యుల రాతలు వెతికి చదివారు. వాళ్ళు అలాంటి పిల్లలకే వస్తువులతో, స్పర్శతో చదువు చెప్పిన వాళ్ళు. 1900లో రోములో అలాంటి పిల్లల కోసం ఒక పాఠశాల తెరిస్తే దాని బాధ్యత ఆమె తీసుకున్నారు. పగలంతా పిల్లలతో ఉండి, రాత్రి చూసినదంతా రాసుకునేవారు. ఆ పిల్లల్లో కొందరు మామూలు బడి పిల్లలు రాసే పరీక్షే రాసి పాసయ్యారు. అందరూ ఆమెను మెచ్చుకున్నారు. ఆమెకు మాత్రం వేరే ఆలోచన వచ్చింది. బుద్ధి తక్కువ అన్న పిల్లలే ఇంత చేస్తే, మంచి ఆరోగ్యంతో ఉన్న పిల్లలను బడి ఎందుకు ఇంత కింద ఉంచుతోంది?

ఇక్కడ ఆమె సొంత జీవితంలోని ఒక కష్టం చెప్పాలి. 1898లో ఆమెకు మారియో అనే కొడుకు పుట్టాడు. పెళ్ళి కాలేదు. బయట తెలిస్తే ఉద్యోగం, పేరు అన్నీ పోయే రోజులు. బిడ్డను పల్లెలో ఒక కుటుంబం దగ్గర పెంచడానికి ఇచ్చారు. అప్పుడప్పుడు వెళ్ళి చూసి వచ్చేవారు, తల్లినని చెప్పలేకపోయారు. 1912 చివర తన తల్లి చనిపోయాక, పదిహేనేళ్ళ వయసులో మారియో ఆమె దగ్గరికి వచ్చేశాడు. ఆ తరువాత చివరి దాకా తల్లి వెంటే ఉండి ఆమె పనిలో సగం మోశాడు. అమ్మకు దూరంగా ట్రంకు పెట్టెతో చేరిన మొదటి రాత్రి ఎలా ఉంటుందో మన హాస్టల్లో ఎవరికీ చెప్పనక్కరలేదు. లోకంలోని పిల్లలందరి గురించి ఆలోచించిన ఆ తల్లి తన బిడ్డను పెంచుకోలేకపోయింది. దీన్ని తప్పుగా ఎంచే వాళ్ళున్నారు. మాకు మాత్రం తప్పు ఆ కాలానిదే అనిపిస్తుంది.

ఇప్పుడు శాన్ లోరెంజో సంగతి. అది రోము నగరంలో కూలి జనం ఉండే బస్తీ. సగం కట్టి వదిలేసిన ఇళ్ళలో కుటుంబాలు కిక్కిరిసి ఉండేవి. ఒక సంస్థ ఆ ఇళ్ళను బాగుచేసి అద్దెకు ఇచ్చింది. తల్లిదండ్రులు పొద్దున్నే పనికి పోతే, బడి వయసు రాని పిల్లలు మెట్ల మీద పరుగులు పెడుతూ, గోడల మీద గీతలు గీస్తూ ఉండేవారు. గోడలు పాడవుతున్నాయని ఆ సంస్థ ఒక గదిలో వాళ్ళను కూర్చోబెట్టాలని అనుకుని, డాక్టరమ్మను పిలిచింది. గోడల మీద ప్రేమతో మొదలైన బడి అది, పిల్లల మీద ప్రేమతో కాదు. ఆమె మాత్రం వచ్చిన అవకాశాన్ని వదలలేదు. 1907 జనవరి 6న సుమారు 50 మంది పిల్లలతో అది మొదలైంది. దాని పేరుకు అర్థం పిల్లల ఇల్లు. చేరిన పిల్లలు బెదురు చూపులతో, ఏడుపు ముఖాలతో ఉండేవారట. శిక్షణ పొందిన టీచరు కూడా లేదు. ఆమె తన పాత పాఠశాలలో వాడిన వస్తువులు తెచ్చి ఇచ్చి, పిల్లలు ఏం చేస్తారో చూస్తూ కూర్చున్నారు. మూడేళ్ళ పాప ఒకతె కొయ్య దిమ్మెలో గుండ్రటి ముక్కలను వాటి గుంటల్లో పెట్టడం, తీయడం నలభై సార్లకు పైగా చేసింది. చుట్టూ పాటలు పాడినా తల ఎత్తలేదు. ఆ పాప చేసిన పని నుంచి ఆమె నేర్చుకున్నది పుస్తకాల్లో దొరకలేదు.

మేము ఎక్కువ శ్రద్ధగా చదివింది ఆమె లెక్కల సామాను గురించి. మొదట పది కర్రలు ఉంటాయి. మొదటిది 10 సెంటీమీటర్లు, రెండోది 20, అలా పదోది ఒక మీటరు. ప్రతి పది సెంటీమీటర్లకు ఒకసారి ఎరుపు, నీలం మారుతూ ఉంటాయి. పిల్లవాడికి నాలుగు అంటే నాలుగు వేర్వేరు వస్తువుల పేరు కాదు, చేతిలో పట్టుకున్న ఒక కర్ర పొడవు. ఇక కూడిక చూడండి. పదో కర్ర పక్కన తొమ్మిదిని పెట్టి, మిగిలిన చోట ఒకటిని పెడితే రెండూ సమానం. ఎనిమిది పక్కన రెండు, ఏడు పక్కన మూడు, ఆరు పక్కన నాలుగు. చివరికి ఐదు ఒక్కటే మిగులుతుంది. దాన్నే ఒకసారి పొర్లించి పెడితే పది అవుతుంది. ఎవరూ ఎక్కం చెప్పలేదు, బెత్తం పట్టలేదు. పదికి కావలసిన జతలన్నీ పిల్లవాడి కళ్ళ ముందే ఉన్నాయి.

తరువాత సున్నా. తొమ్మిది దాకా అంకెలు వేసిన గూళ్ళలో 45 కండెలు పంచాలి. సున్నా గూట్లో ఏమీ పెట్టకూడదు. ఏమీ లేకపోవడాన్ని కూడా చూపించవలసి ఉంటుందని మాకు ఇంతకు ముందు ఎవరూ చెప్పలేదు.

అన్నిటికంటే గొప్పది బంగారు రంగు పూసల సామాను. ఒక విడి పూస ఒకటి. పది పూసలు తీగకు గుచ్చితే ఒక పుల్ల, అది పది. పది పుల్లలు పక్కపక్కన కడితే ఒక పలక, అది వంద. పది పలకలు ఒకదాని మీద ఒకటి పేరిస్తే ఒక దిమ్మె, అది వెయ్యి. నాలుగైదు ఏళ్ళ పిల్ల ఒక విడి పూసను రెండు వేళ్ళతో పట్టుకుంటుంది, వెయ్యి దిమ్మెను రెండు చేతులతో మోస్తుంది. ఒకటికీ వెయ్యికీ తేడా ఆమె చేతులకు తెలిసిపోతుంది. కూడిక అంటే ఇద్దరు పిల్లలు రెండు పళ్ళేలలో తెచ్చిన పూసలను ఒక చాప మీద కలిపి పోయడం. విడి పూసలు పది అయిన వెంటనే వాటిని బ్యాంకుకు తీసుకుపోయి ఇచ్చి, ఒక పుల్ల మార్చుకుని రావాలి. మనం పలక మీద ఒకటి పైకి అని గీసే గీత ఈ మార్పిడే. మా తమ్ముడి 312లో లోపించింది ఇదొక్కటే. వాడికి ఏడూ ఐదూ తెలుసు, పన్నెండులో ఒక పది దాగి ఉందని మాత్రం ఎవరూ వాడి చేతికి ఇచ్చి చూపలేదు. దుకాణంలో పది రూపాయల నోటు ఆ పని చేస్తుంది కాబట్టే అక్కడ వాడికి లెక్క తప్పదు.

అసలు పూసలు కొనాలంటే మన వల్ల అయ్యే పని కాదు. మేము మెస్సు వెనుక పాత చీపుర్లు విప్పాము. మా ఊళ్ళలో పొరక పుల్లలు అంటారు. అన్నీ ఒకే పొడవుకు విరిచి, విడివి కొన్ని ఉంచి, పదేసి పుల్లలకు రబ్బరు బ్యాండు వేశాము. పది కట్టలకు ఒక పెద్ద కట్ట, అది వంద. 27 అంటే రెండు కట్టలు, ఏడు పుల్లలు. 15 అంటే ఒక కట్ట, ఐదు పుల్లలు. కలిపి పోస్తే విడి పుల్లలు పన్నెండు. అందులో పది లెక్కపెట్టి తమ్ముడే రబ్బరు బ్యాండు వేయాలి, మేము వేయకూడదు. నాలుగు కట్టలు, రెండు పుల్లలు. అప్పుడు పలక మీద 42 రాస్తాడు. మూడు వందల పన్నెండు ఎంత ఉంటుందో కూడా పక్కనే పేర్చి చూపిస్తే వాడే నవ్వుతాడు. ఒకటి నుంచి పది లోపు కూడికలకు చింతగింజలు చాలు. అష్టాచెమ్మలో, ఓనగుంటల్లో మన నానమ్మలు వాటితోనే లెక్కలు వేసేవారు, మనకు అది కొత్తేమీ కాదు.

పూసల తరువాత ఆమె చేసినది కూడిక పలక. గళ్ళు గీసిన పలక మీద పైన 1 నుంచి 18 దాకా అంకెలు, పది తరువాత ఒక ఎర్ర గీత. ఒకటి నుంచి తొమ్మిది దాకా నీలం పట్టీలు కొన్ని, ఎర్ర పట్టీలు కొన్ని. 8 నీలం పట్టీ పెట్టి దాని పక్కన 5 ఎర్ర పట్టీ పెడితే అది 13 కింద ఆగుతుంది. ఐదులో రెండు గీత లోపల, మూడు గీత దాటి ఉన్నాయని కనిపిస్తుంది. పాత క్యాలెండరు అట్టలతో దీన్ని ఎవరైనా చేయవచ్చు. కత్తిరించేటప్పుడు గళ్ళు అన్నీ సమానంగా రావాలి, లేకపోతే పిల్లవాడికి తప్పు జవాబు వస్తుంది. చాలా రోజులు ఇలా చేశాక పిల్లలే సామాను పక్కన పెట్టి నోటితో చెప్పేస్తారు. సామాను వదిలే రోజు పిల్లవాడే నిర్ణయించుకోవాలి అన్నది ఆమె పట్టుదల. తొందరపడి లాక్కోకూడదు.

ఆమె 1909లో తన పద్ధతి గురించి పుస్తకం రాశారు, 1912లో అది ఇంగ్లీషులో వచ్చింది. పేరు ప్రపంచమంతా పాకింది. లెక్కల బోధన గురించి ప్రత్యేకంగా రాసిన పెద్ద పుస్తకం 1934లో బార్సిలోనాలో అచ్చయింది. మధ్యలో ఒక సంగతి మేము దాచదలచుకోలేదు. 1920లలో ఇటలీ నియంత ముస్సోలినీ ఆమె బళ్ళకు సర్కారు సాయం ఇచ్చాడు, ఆమె తీసుకున్నారు. పిల్లలకు స్వేచ్ఛ కావాలనే మనిషి నియంత చేతి సాయం తీసుకోవడం మాకు నచ్చలేదు. అది ఎంతో కాలం నిలవలేదు కూడా. 1934 నాటికి ఇద్దరికీ చెడింది, ఇటలీలో ఆమె బళ్ళు మూతపడ్డాయి. జర్మనీలో హిట్లర్ మనుషులు కూడా మూయించారు. 1936లో స్పెయిన్‌లో అంతర్యుద్ధం మొదలైతే అక్కడి నుంచి కూడా వెళ్ళిపోయి హాలెండు చేరారు.

మన దేశంతో ఆమె సంబంధం అంతకు ముందే ఉంది. 1931 అక్టోబరులో గాంధీజీ లండన్‌లో ఆమె శిక్షణ కళాశాలకు వెళ్ళి మాట్లాడారు. గుజరాత్‌లోని భావ్‌నగర్‌లో గిజుభాయి బధేకా 1920లోనే ఆమె పద్ధతిని మన పల్లె పిల్లలకు తగినట్టు మార్చి బాలమందిరం నడిపారు. ఆమె భారతదేశానికి వచ్చింది 1939 నవంబరులో. గిజుభాయి అదే ఏడాది జూన్‌లో కన్నుమూశారు. ఇద్దరూ కలిసి ఒక చాప మీద కూర్చుని ఉంటే ఎంత బాగుండేదో.

మద్రాసు అడయారులో దివ్యజ్ఞాన సమాజం వాళ్ళు ఆమెను పిలిచారు. అప్పుడు కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాష్ట్రంలోనే ఉన్నాయి, మన మేడ్చల్ నిజాం పాలనలో ఉంది. 70 ఏళ్ళ దగ్గర పడుతున్న ఆమె 300 మందికి పైగా టీచర్లకు ఇటాలియన్ భాషలో పాఠం చెబుతుంటే మారియో పక్కన నిలబడి ఇంగ్లీషులోకి మార్చేవాడు. 1940 జూన్‌లో ఇటలీ యుద్ధంలో దిగింది. దాంతో తల్లీ కొడుకులు బ్రిటిష్ సర్కారుకు శత్రుదేశస్తులయ్యారు. మారియోను అహ్మద్‌నగర్ శిబిరంలో పెట్టారు, ఆమెను అడయారు దాటి పోవద్దన్నారు. ఆగస్టు 31న ఆమెకు 70 ఏళ్ళు నిండాయి. ఆ పుట్టినరోజు కానుకగా కొడుకును వదిలిపెట్టారు. పుట్టినప్పుడు పరాయి ఇంటికి ఇచ్చిన బిడ్డ, ముసలితనంలో జైలు నుంచి తిరిగి వచ్చాడు.

యుద్ధం వల్ల ఆమె 1946 దాకా ఇక్కడే ఉండిపోయారు. కొడైకెనాల్‌లో పిల్లలతో రెండేళ్ళు గడిపి, పెద్ద పిల్లల చదువు గురించి ఆలోచించారు. అహ్మదాబాద్, కరాచీ, శ్రీనగర్ వెళ్ళి శిక్షణలు ఇచ్చారు. వెయ్యి మందికి పైగా టీచర్లు ఆమె దగ్గర నేర్చుకున్నారు. 1947లో మళ్ళీ వచ్చి 1949 వరకు పని చేశారు. పుట్టిన నాటి నుంచి ఆరేళ్ళ దాకా పిల్లల మనసు ఎలా పీల్చుకుంటుందో చెప్పే ఆమె ప్రసిద్ధ పుస్తకం 1949లో అడయారులోనే మొదట అచ్చయింది. 1955లో కోటేశ్వరమ్మ గారు విజయవాడలో ఆమె పేరుతో బడి పెట్టారు. ఆ సేవకు 2017లో పద్మశ్రీ వచ్చింది.

ఒక సంగతిలో మాత్రం ఆమెతో మాకు పేచీ ఉంది. సామాను కొలతలు, రంగులు, శిక్షణ అన్నీ ఆమె చెప్పినట్టే ఉండాలని పట్టుబట్టారు. దానికి కారణం ఉంది, అడ్డదిడ్డంగా చేసిన సామాను పిల్లవాడికి తప్పు నేర్పుతుంది. కానీ ఆ పట్టుదల వల్ల సామాను ఖరీదైంది, ఖరీదైన సామాను డబ్బున్న బళ్ళకు చేరింది. శాన్ లోరెంజో బస్తీలో పుట్టిన చదువు మన బస్తీలకు రాకుండా పోవడానికి అది ఒక కారణం. బోర్డు మీద ఆమె పేరు రాసుకుని, లోపల మూడేళ్ళ పిల్లలతో వంద దాకా కాపీ రాయించే బళ్ళు కూడా ఉన్నాయి. ఆమె చూస్తే ఏమనేవారో మనం ఊహించుకోవలసిందే.

ఇటలీ సర్కారు 1990లో వెయ్యి లీరాల నోటు మీద ఆమె బొమ్మ వేసింది. 2002లో యూరో వచ్చాక ఆ నోటు పోయింది. ఒకప్పుడు బళ్ళు మూయించిన దేశమే ఆమెను ప్రతి ఇంటి జేబులో పెట్టింది.

1949, 1950, 1951 సంవత్సరాల్లో శాంతి నోబెల్ బహుమతికి ఆమె పేరు ప్రతిపాదించారు, రాలేదు. 1952 మే 6న హాలెండులో సముద్రం ఒడ్డున ఉన్న నూర్డ్‌విక్ అనే ఊళ్ళో 81వ ఏట కన్నుమూశారు. ఆ రోజు కూడా ఆఫ్రికా వెళ్ళి అక్కడి టీచర్లకు పాఠాలు చెప్పే విషయమే కొడుకుతో మాట్లాడారని జీవిత చరిత్రలు చెబుతున్నాయి. ఆమె సమాధి ఆ ఊళ్ళోనే ఉంది.